బండి పెట్టుకోడానికి జాగా ఎవరిస్తారు? - ట్రాన్స్‌జెండర్ల సొంత వ్యాపారం గురించి తిరుపతి, చిత్తూరు నుంచి ఒక విమర్శ

తిరుపతిలో ఏటా గంగమ్మ జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. రోజుకొక వేషం. ఆడవాళ్లను చెరిచిన పాలెగాణ్ణి వెతికి పట్టుకొని తల నరకడానికి గంగమ్మ ఇన్ని వేషాలు కట్టిందని కథ. కైకాల కుటుంబం వాళ్లు ఈ వేషాలు కడతారు. వాళ్లతోపాటు మొక్కుకున్న మగవాళ్లు కూడా చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి తాతయ్యగుంట గుడికి నడిచిపోతారు. ఆ వారం రోజులూ చీర కట్టిన మగవాణ్ణి చూసి తిరుపతి నవ్వదు. దారి ఇస్తుంది, దండం పెడుతుంది.

జాతర అయిపోతుంది. చీరలు విప్పేసి మగవాళ్లు మళ్లీ మగవాళ్లయిపోతారు. చీర విప్పని వాళ్లు, విప్పడానికి ఒప్పుకోని వాళ్లు ఊర్లో మిగిలిపోతారు. వాళ్లను ఊరు ఏ మాట పెట్టి పిలుస్తుందో ఇక్కడ మేము రాయనక్కరలేదు, చదివేవాళ్లకు తెలుసు.

మా ప్రశ్న ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. వేషానికి దండం పెట్టిన ఊరు మనిషికి ఇల్లు అద్దెకు ఎందుకివ్వదు? ఆమె పోసిన దోసె ఎందుకు తినదు? జాతరలో ఇంకో సంగతి కూడా ఉంది. తోటి వేషం కట్టేది తోటి కాదు. మాతంగి వేషం కట్టేది మాదిగామె కాదు. ఊరికి తరతరాలుగా వెట్టి చేసిన కులాల రూపం జాతరకు కావాలి, ఆ కులాల మనుషులు మాత్రం వాడలోనే ఉండాలి. దళితుల విషయంలోనూ, ట్రాన్స్‌జెండర్ల విషయంలోనూ ఊరు ఆడే ఆట ఒక్కటే. అందుకే ఈ సమస్య ఎవరో వేరేవాళ్ల సమస్య అని దళిత ఉద్యమం పక్కకు తప్పుకోలేదని మేము అనుకుంటున్నాం.

1

ఈ మధ్య అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, పత్రికలు ట్రాన్స్‌జెండర్ల గురించి మాట్లాడేటప్పుడు ఒక మాట పదేపదే వస్తోంది. "అడుక్కోవడం మానుకోవాలి, సొంత వ్యాపారం పెట్టుకొని గౌరవంగా బతకాలి." వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ భాష మనకు కొత్త కాదు. చచ్చిన గొడ్డును మోయడం మానండి, శుభ్రంగా ఉండండి, అప్పుడు ఊరు మిమ్మల్ని గౌరవిస్తుంది అని దళితులకు చెప్పిన హరిజనోద్ధరణ భాష ఇదే. ఆ పనిలోకి నెట్టినవాళ్ల తప్పు కనపడకుండా, పని చేసేవాళ్ల అలవాట్లనే తప్పుగా చూపించడం దీని స్వభావం.

1936లో 'కులనిర్మూలన'లో అంబేద్కర్ చూపించింది ఏమిటి? కులం పనిని మాత్రమే విభజించదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విభజిస్తుంది. ఎవరు ఏ పని చెయ్యాలో వాళ్ల ఇష్టంతోగానీ నేర్పుతోగానీ సంబంధం లేకుండా ముందే తేల్చిపెడుతుంది. హిజ్రాలకు మన సమాజం తేల్చిపెట్టిన పనులు ఎన్ని? చెయ్యి చాపడం, ఒళ్లమ్ముకోవడం, శుభకార్యాలకు పోయి దీవెన ఇవ్వడం. ఇంట్లోంచి గెంటేసిన మరుక్షణం ఈ మూడింటిలో ఒకటి మెడకు తగులుకుంటుంది. తర్వాత ఆ పనినే చూపించి అసహ్యించుకుంటారు. పుట్టుకతో వచ్చింది కాదన్న తేడా తప్పిస్తే కులం పనిచేసే పద్ధతి ఇదే. దళిత ట్రాన్స్ మహిళ, రచయిత్రి లివింగ్ స్మైల్ విద్య ట్రాన్స్‌జెండర్ల పట్ల ద్వేషాన్ని బ్రాహ్మణవాదంలో ఒక రకంగా చూడాలని వాదించారు. తమిళనాడు నుంచి వచ్చిన ఈ వాదం మీద తెలుగులో జరగాల్సినంత చర్చ జరగలేదు.

కాబట్టి ఒక ట్రాన్స్ మహిళ టిఫిన్ బండి పెట్టుకుంటానంటే అది కేవలం బతుకుతెరువు సంగతి కాదు. అంటగట్టిన వృత్తిని దాటడం. దాటినవాళ్లకు ఏం జరుగుతుందో దళితులకు చెప్పక్కర్లేదు. టీ తాగడానికి దళితుడికి వేరే గ్లాసు పెట్టిన ఊళ్లలో దళితుడు పెట్టిన కొట్టులో టీ ఎవరు తాగారు? మార్కెట్‌కు కులం లేదని, డబ్బుకు అంటు లేదని చెప్పేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. అందులోనూ తిరుపతిది గుడి చుట్టూ అల్లుకున్న బజారు. పూలు, పాలు, టిఫిన్లు, భోజనాలు, లాడ్జి గదులు. శుచి పేరు చెప్పి అమ్ముడుపోయే సరుకులే ఎక్కువ. ఇట్లాంటి బజారులో అమ్మే మనిషి ఎవరన్నది సరుకు కంటే ముందు కనపడుతుంది.

2

ఒక బండి లెక్క చూద్దాం. ఇది మేము విన్న ఒక వ్యక్తి కథ కాదు. కాగితాల మీద ఉన్న షరతులను వరసగా పెడితే వచ్చే లెక్క. చిత్తూరు పక్క పల్లెలో దళితవాడలో పుట్టి, పదిహేనేళ్లకు ఇల్లు విడిచి తిరుపతి చేరిన ట్రాన్స్ మహిళ ఒకామె ఇడ్లీ బండి పెట్టాలనుకుందనుకోండి.

మొదటిది గుర్తింపు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించమంది. తర్వాత వచ్చిన 2019 చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. కలెక్టరుకు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలని 2020 రూల్స్ చెప్పాయి. సరే. దరఖాస్తుకు పాత కార్డులు కావాలి. అవి ఎక్కడున్నాయి? ఆమెను గెంటేసిన ఇంట్లో, పాత పేరుతో, పాత ఫోటోతో. ఇప్పటి చిరునామా కావాలి. చిరునామాకు అద్దె ఇల్లు కావాలి. ఇల్లు ఇచ్చేవాళ్లు "నువ్వేం పని చేస్తావ్?" అని అడుగుతారు. పని కోసమే కదా ఆమె ఈ కాగితం వెంట తిరుగుతోంది!

రెండోది కుల ధ్రువపత్రం. ఎస్సీ కార్పొరేషన్ గడప తొక్కాలంటే ఇది తప్పదు. దానికి తండ్రి పేరు, ఇంటి కార్డు, సొంతూరులో విచారణ కావాలి. అంటే ఏ ఊరు తరిమిందో ఆ ఊరికే పోయి, ఏ తండ్రి కాదన్నాడో ఆ తండ్రి కొడుకునని రాయించుకోవాలి. దళితులకు కులం ఊరు అంటగట్టిన అవమానం, అదే సమయంలో పోరాడి తెచ్చుకున్న హక్కు. ఇంట్లోంచి గెంటేసినప్పుడు ఆమెకు అవమానం మిగిలింది, హక్కు మాత్రం ఇంట్లో ఉండిపోయింది. ఈ ముక్క ట్రాన్స్‌జెండర్ పథకాలు రాసేవాళ్లకూ తట్టలేదు, ఎస్సీ పథకాలు రాసేవాళ్లకూ తట్టలేదు.

నల్సా తీర్పు ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతిగా చూడమంది. మంచి ఉద్దేశమే. కానీ దళిత ట్రాన్స్ మహిళ అప్పుడు ఎవరు? బీసీనా, ఎస్సీనా? జెండర్‌ను ఒక కులంగా లెక్కేస్తే రెండు అణచివేతలు మోసే మనిషి ఒక దాన్ని వదులుకోవాల్సి వస్తుంది. అందుకే తమిళనాడులో గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ కార్యకర్తలు ప్రతి కులం కోటాలోనూ అడ్డంగా వాటా కావాలని అడుగుతున్నారు. 2021లో కర్ణాటక తన ప్రభుత్వ ఉద్యోగాల్లో అన్ని కేటగిరీల్లోనూ ఒక శాతం అట్లా కేటాయించింది. ఇది ఉద్యోగాల సంగతే అయినా అప్పుల దగ్గరా అదే ముడి. 2016లో మొదలైన స్టాండప్ ఇండియాలో ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలన్నారు. మన ఇడ్లీ బండి ఆమె ఏ వరసలో నిలబడాలి? ఎస్సీ వరసలో పత్రం లేదంటారు. ఆడవాళ్ల వరసలో నువ్వు ఆడదానివేనా అంటారు. పైగా 10 లక్షల కంటే తక్కువ కావాలన్నవాళ్ల ముఖం ఆ పథకం చూడనే లేదు.

మూడోది బ్యాంకు. 2015 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు అన్ని ఫారాల్లోనూ మూడో జెండర్ గడి పెట్టమని బ్యాంకులకు చెప్పింది. గడి వచ్చింది. గడి నింపిన మనిషికి పూచీ ఎవరు? అదే ఏడు వచ్చిన ముద్రా పథకంలో 10 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదన్నారు. తాకట్టు అడగకపోయినా నిలకడైన ఇల్లు, రాబడి ఆధారం, పాత లావాదేవీలు అడుగుతారు. రోజువారీ చేతికొచ్చే చిల్లరకు ఏ బ్యాంకు పుస్తకంలో లెక్క ఉంటుంది? చివరికి వడ్డీకిచ్చే మనిషే దిక్కు.

నాలుగోది జాగా. ఇదే అసలు ముడి. 2014లోనే వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులు ఉండాలని, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలని, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులకు తగిన చోటు ఇవ్వాలని రాశారు. ట్రాన్స్‌జెండర్ అన్న మాట ఆ వాక్యంలో లేదు. నల్సా తీర్పు, ఈ చట్టం ఒకే ఏడాది వచ్చాయి, ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. 2020 జూన్‌లో వచ్చిన స్వనిధి పథకం మొదటి విడతగా 10,000 అప్పు ఇచ్చింది. అదీ ఆ ఏడాది మార్చి 24 నాటికే వీధిలో వ్యాపారం చేస్తున్నవాళ్లకు. అప్పటిదాకా వీధిలోకి రానివ్వని వాళ్లకు ఆ తేదీ ఒక తలుపు మూసినట్టే అయింది.

ఇవన్నీ దాటి బండి పెట్టిందనుకోండి. పక్క బండివాడు ఊరుకోవాలి. మామూళ్లకు వచ్చేవాడు మర్యాదగా మాట్లాడాలి. తినేవాడు ప్లేటు పట్టుకొని అక్కడే నిలబడాలి. ఈ మూడూ ఏ పథకంలోనూ లేవు. అప్పు మాత్రం ఉంది, వాయిదా తేదీతో సహా. జాగా లేకుండా ఇచ్చిన అప్పు పెట్టుబడి అవదు, మెడకు ఇంకో ఉచ్చు అవుతుంది. బండి మూలపడితే "చూశారా, ఇచ్చినా నిలబెట్టుకోలేరు" అనడానికి ఊరు సిద్ధంగా ఉంటుంది. దళితులకు ఇచ్చిన పాడిగేదెల అప్పులు, ఆటోల అప్పులు తీరకపోయినప్పుడు కూడా ఇదే మాట అన్నారు కదా.

3

లెక్కల్లోకి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో 'ఇతరులు' అనే గడిలో దేశమంతా 4,87,803 మంది నమోదయ్యారు. అందులో ఎస్సీలు 78,811, ఎస్టీలు 33,293. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 43,769. చదువుకున్నవాళ్లు దేశంలో 56 శాతం. నిజాన్ని దాచుకొని ఆడ, మగ గళ్లలోనే ఉండిపోయినవాళ్లు ఎందరో ఈ అంకెలు చెప్పవు. అయినా ఒకటి చెబుతాయి. నమోదైన ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు దళితులు. ట్రాన్స్‌జెండర్ సంక్షేమం గురించిన ఉపన్యాసాల్లో ఈ ఒక్కరు ఎప్పుడైనా కనపడ్డారా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ విధానానికి ఆమోదం తెలిపి పింఛను తెచ్చింది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. ఇది చిన్న సంగతి కాదు, ఆకలిని ఆపుతుంది. కానీ తిరుపతిలో గది అద్దె కట్టాక ఇందులో మిగిలేదెంతో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. పింఛను వేరు, పెట్టుబడి వేరు. 2019 చట్టం 14వ సెక్షన్ వృత్తి శిక్షణకు, స్వయం ఉపాధికి ప్రభుత్వాలు పథకాలు చెయ్యాలని చెప్పింది. దాన్ని కుట్టుమిషన్ల పంపిణీగా, ఒక ఫోటోగా కుదించడం తేలిక. కుట్టడం నేర్పుతారు, గుడ్డ ఎవరిస్తారు? శ్రీకాళహస్తి కలంకారీ నేర్పినా సరే, కొనేవాడు ఎవరో ముందు తేలాలి.

డ్వాక్రా సంగతి కూడా ఇక్కడే మాట్లాడాలి. మన రాష్ట్రంలో పేద ఆడవాళ్లకు అప్పు పుట్టించిన పద్ధతి ఇదే. పదిమంది ఒకరికొకరు పూచీ ఉండటం దీని బలం. ఆ పూచీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకే వీధిలో ఏళ్ల తరబడి కాపురం ఉండటం నుంచి. అంటే సంఘానికి వెనక కుటుంబం ఉంది, వీధి ఉంది. ట్రాన్స్ మహిళలకు ఆ రెండూ లేవు. వాళ్లకున్నది జమాత్. గురువు, చేలా బంధం. కష్టమొస్తే అన్నం పెట్టేదీ, జబ్బు చేస్తే చూసేదీ, చేబదులు ఇచ్చేదీ అదే. సంపాదనలో వాటా తీసుకునేదీ, కట్టుబాటు దాటితే శిక్ష వేసేదీ అదే. ఎ. రేవతి ఆత్మకథలో ఈ రెండు ముఖాలూ కనపడతాయి. పి. సత్యవతి తెలుగు చేసిన ఆ పుస్తకానికి 2019 సాహిత్య అకాడమీ అనువాద బహుమతి కూడా వచ్చింది. మన సాహిత్యం దాన్ని ఒక బాధల గాథగా చదివి పక్కన పెట్టింది. దాన్ని పని గురించి, కూలి గురించి రాసిన పుస్తకంగా కూడా చదవొచ్చని మా అభిప్రాయం. ఒక మనిషి ఏ పని చేసినా ఆ రాబడి మీద ఇంటివాళ్లు, గురువు, పోలీసు, రౌడీ ఎట్లా చెయ్యి వేస్తారో అందులో ఉంది. జమాత్‌ను ఆకాశానికెత్తక్కర్లేదు. కానీ దాన్ని విడిచి రమ్మనే ముందు దాని స్థానంలో ఏం పెడుతున్నారో చెప్పాలి.

ట్రాన్స్ పురుషుల మాట ఈ చర్చలో దాదాపు రాదు. ఆడపిల్లలుగా పెరిగి ఇల్లు దాటిన వాళ్లకు జమాత్ లాంటి నీడ కూడా లేదు. కులం పరువు పేరుతో వెనక్కి ఈడ్చుకుపోయే ప్రమాదమే ఎక్కువ. 'ట్రాన్స్‌జెండర్ వ్యాపారి' అనగానే మనకు చీర కట్టిన మనిషే గుర్తుకొస్తే, లోపం మన చూపులో ఉంది.

4

అట్లాగని ఎక్కడా దారి లేదా? ఉంది. మన చిత్తూరుకు పక్కనున్న తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు పెట్టింది. తూత్తుకుడి జిల్లా కోవిల్‌పట్టి దగ్గర మంతితోపులో 2020లో ట్రాన్స్ మహిళల పాల సహకార సంఘం వచ్చింది. దీని వెనక గ్రేస్ బాను, తోటి కార్యకర్తల పోరాటం ఉంది. అక్కడ జరిగిన పనిని వరసగా చూడండి. ముందు ఇళ్ల స్థలాలు, ఇళ్లు. ఆవులకు అప్పు. ఒక్కొక్కరుగా కాకుండా సంఘంగా రిజిస్ట్రేషన్. పాలు కొనడానికి ప్రభుత్వ సహకార డెయిరీ ఆవిన్. జాగా, పెట్టుబడి, సంఘం, కొనుగోలు, ఈ నాలుగూ కలిసి వచ్చాయి. పాలు పితికింది ఎవరని గ్లాసు పట్టుకున్నవాడు అడిగే వీలే లేకుండా పోయింది. ట్రాన్స్ మహిళకూ కొనేవాడి అంటరానితనానికీ మధ్య ఒక సంస్థ నిలబడింది.

దీనికి ఎదురు ఉదాహరణ కొచ్చిలో ఉంది. 2017లో కొచ్చి మెట్రోలో కుటుంబశ్రీ ద్వారా 23 మంది ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చారు. దేశమంతా మెచ్చుకుంది. కొద్ది రోజుల్లోనే కొందరు ఉద్యోగం వదిలేశారు. కారణం పని చేతకాక కాదు. నగరంలో వాళ్లకు అద్దెకు ఇల్లు దొరకలేదు. జీతం ఉండి కూడా జాగా లేక పని పోయింది. అప్పు తీసుకొని బండి పెట్టేవాళ్ల గతి ఇంక ఎట్లా ఉంటుంది?

ఇక మన దగ్గర. చిత్తూరు పాడికి పేరున్న జిల్లా. కానీ చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. పాల వ్యాపారం ప్రైవేటు డెయిరీల చేతికి పోయింది. సహకార సంస్థలను చంపేసి తర్వాత అట్టడుగు మనుషులను 'వ్యాపారవేత్తలు' కమ్మనడంలో ఉన్న మోసాన్ని మనం గుర్తించాలి. సంస్థ పోయిన చోట మనిషి ఒంటరిగా బజారులో నిలబడాలి. ఒంటరిగా నిలబడ్డప్పుడే కులం, జెండర్ ఎక్కువ కొడతాయి. దళిత పెట్టుబడి గురించి మనలో చాలా కాలంగా వాదన నడుస్తోంది. దళిత పారిశ్రామికవేత్తలకు 2005లో సొంత చాంబర్ కూడా ఏర్పడింది. ఆ వాదనలో ఇడ్లీ బండి దాకా దిగిన మాటలు తక్కువ. బండి దాకా దిగితే, పెట్టుబడి కంటే ముందు బజారును మార్చాల్సి ఉందని కనపడుతుంది.

5

మా మీద మేము కూడా ఒక మాట అనుకోవాలి. కారంచేడు, చుండూరు తర్వాత దళిత ఉద్యమం ఆత్మగౌరవం అన్న మాటను తెలుగు నేల మీద నిలబెట్టింది. ఆ ఆత్మగౌరవానికి మన మనసులో ఉన్న బొమ్మ ఎవరిది? మీసం మెలేసిన మగాడిది. వాడలో ఒక పిల్లవాడు నడక మారితే కొట్టింది ఎవరు? అగ్రకులాలవాళ్లు మాత్రమే కాదు, మన తండ్రులు, మన అన్నలు కూడా. ఊరు వాడను వెలేసింది, వాడ ఆ బిడ్డను వెలేసింది. ఇది ఒప్పుకోకుండా పథకాలను మాత్రమే విమర్శించడం నిజాయితీ కాదు.

ఇంతకీ ఏం అడగాలి? తిరుపతి, చిత్తూరు మునిసిపల్ కార్పొరేషన్లు వెండింగ్ జోన్లలో ట్రాన్స్‌జెండర్లకు కచ్చితంగా జాగా రాసివ్వాలి, వెండింగ్ కమిటీలో వాళ్ల మనిషి ఉండాలి. ఇళ్ల పట్టాలు మొదటి మెట్టు కావాలి, చివరి మెట్టు కాదు. ఇల్లు విడిచినవాళ్లు తల్లిదండ్రుల దగ్గరికి పోకుండానే కుల ధ్రువపత్రం పొందే పద్ధతి కావాలి. ఎస్సీ కార్పొరేషన్ యూనిట్లలో దళిత ట్రాన్స్‌జెండర్లకు విడిగా వాటా ఉండాలి. జమాత్‌లో కలిసి బతికేవాళ్లను కుటుంబంతో పనిలేకుండా పొదుపు సంఘంగా గుర్తించాలి. హాస్టళ్లు, ఆస్పత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు, గుళ్ల చుట్టూ ఉన్న దుకాణాలు తమ కొనుగోళ్లలో, కేటాయింపుల్లో వాళ్ల సంఘాలకు చోటు ఇవ్వాలి. ఇవి దయ చూపమని అడగడం కాదు. చదువులో, కొలువులో వాటా అడిగినట్టే బజారులో వాటా అడగడం.

ప్రభుత్వం చేసేదాకా మనం చెయ్యగలిగింది కూడా ఉంది. ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతిలో చదివే దళిత విద్యార్థులు అట్లాంటి బండి ఒకటి కనపడితే అక్కడ నిలబడి తినొచ్చు. నలుగురు నిలబడి తింటే ఐదోవాడు వస్తాడు. సంఘాల ఆఫీసులు, మీటింగులకు భోజనాలు వాళ్లకు చెప్పొచ్చు. మన ఇళ్లల్లో ఒక గది అద్దెకు ఇవ్వొచ్చు. సహపంక్తి భోజనాల గురించి వందేళ్లుగా మాట్లాడుతున్న వాళ్లం, ఈ పంక్తిలో ఎక్కడ కూర్చుంటామో తేల్చుకోవాలి.

వచ్చే జాతరకు మళ్లీ వేషాలు కడతారు. మాతంగి ఇంటింటికీ వస్తుంది. ఆమెకు హారతి పట్టే చేతులు మర్నాడు పొద్దున ఒక బండి దగ్గర ఇడ్లీ ప్లేటు అందుకుంటాయా లేదా అన్నదే మా ప్రశ్న. దీని మీద చిత్తూరు, తిరుపతి మిత్రులు, ముఖ్యంగా దళిత ట్రాన్స్ మిత్రులు తమ మాట తామే రాయాలని, మేము రాసినదాంట్లో తప్పులుంటే నిలదీయాలని కోరుతున్నాం.